ఫిల్టరు వదిలిన నీళ్ళు

"చవుటి నేలలో గులాబీలేంది ఉమా? గచ్చు పోసేస్తే యాభై బస్తాలు పెట్టుకోవచ్చు. దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు," అన్నాడు మా అన్న నరసింహారావు.

మార్కాపురంలో మా ఇంటి వెనక దొడ్డి పది మంచాలు పట్టేంత ఉంటుంది. ఎక్కడ తవ్వినా పలకరాతి పెళ్ళలే. అందులో నేను నాటిన ఏడు గులాబీ మొక్కలు రెండేళ్ళుగా బతకడమూ లేదు, చావడమూ లేదు. ఆకుల అంచులు సెగ తగిలినట్టు మాడిపోయేవి. మొదళ్ళ చుట్టూ తెల్లటి పొర.

వదిన కృష్ణవేణమ్మ కంచాలు తుడుస్తూ, "చవుడంటే చవుడే. ఎంత పెట్టి పోషించినా దండగ," అంది. అనేసి, నా వైపు చూసి చూపు తిప్పుకుంది.

ఆమె నన్ను అనలేదు. అనలేదని నాకూ తెలుసు. కాని గిద్దలూరులో తొమ్మిదేళ్ళు కాపురం చేసినప్పుడు మా అత్త సరిగ్గా ఆ మాటతోనే నన్ను పిలిచేది. పిల్లలు లేక పుట్టింటికి తిరిగొచ్చిన దానికి చెవులు ఎక్కువ. ఎవరు ఏ నేలను తిట్టినా తన పేరే వినిపిస్తుంది.

"ఉగాది లోపల ఒక్క పువ్వు పూయించు. పూస్తే గచ్చు మాటెత్తను," అన్నాడు అన్న.

"సరే," అన్నాను. ఎందుకన్నానో చాలా రోజులు ఆలోచించాను. ఎవరైనా పరీక్ష అంటే, ఎందుకు రాయాలని అడక్కుండా కలం వెతుక్కునే అలవాటు నాది. గిద్దలూరు నుంచి ఆస్పత్రులకూ అట్లాగే తిరిగాను. మా ఆయన ఒక్కసారీ వెంట రాలేదు.

మాఘమాసంలో తర్లుపాడు నుంచి రాఘవమ్మ ఆటోలో రెండు సంచుల గొర్రె ఎరువు తెచ్చింది. ఏడాది మాగిన ఎరువు. ఆమెకు సొంత మంద ఉంది. మొక్కల్ని చూసి, చంకలో సంచి దించకుండానే నిలబడింది.

"ఏం పోస్తాండావమ్మా వీటికి?"

"మంచినీళ్ళ ఫిల్టరు పక్క గొట్టంలోంచి వదిలేస్తుంది గదా, ఆ నీళ్ళు. వదిన డ్రమ్ములో పట్టిపెడుతుంది. పారబోస్తే వేస్టని."

మా బోరునీళ్ళు ఉప్పన. అందుకే ఫిల్టరు పెట్టించాం. ఒక బిందె మంచినీళ్ళు రావాలంటే రెండు బిందెలు బయటికి కారిపోతాయి. వ్యాపారం చేసే ఇంట్లో ఏదీ ఊరికే పోకూడదు.

రాఘవమ్మ నవ్వింది. "దుకాణమోళ్ళ పొదుపు చల్లగుండ. ఉప్పంతా వడగట్టి, మీరు తాగకుండా దీనికి తాపుతాండారా? మా గొర్రె గూడ మూతి పెట్టదు."

మొక్క మొదట్లోంచి చిటికెడు మన్ను తీసింది. నీళ్ళు పోయని గోడ మూల నుంచి ఇంకో చిటికెడు. "నాలిక మీద పెట్టుకో."

మొదటిది ఉప్పు. రెండోది ఒట్టి మన్ను.

"నేల చవుడు కాదు తల్లీ. మీరే చేసినారు."

నా లోపల ఏదో దిగ్గున లేచి నిలబడింది. దాన్ని వెంటనే కూర్చోబెట్టాను. నేలకూ నాకూ పోలిక కట్టింది మా అత్త లాంటి వాళ్ళు. ఆ పోలికలో గెలిచినా నేను ఇంకా వాళ్ళ మాటలోనే కాపురం ఉన్నట్టు. ముందు మొక్కల సంగతి చూడాలి.

తెల్లటి పొర గీకి ఎత్తి పోశాను. నాలుగు రోజులకొకసారి మున్సిపాలిటీ కొళాయిలో మంచినీళ్ళు వస్తాయి. అందులో నా స్నానానికి పట్టుకునే నీళ్ళు మొదళ్ళకు పోశాను, ఉప్పు కిందికి దిగిపోయేదాకా. తర్వాత ఎరువు వేశాను. నేను బోరునీళ్ళే పోసుకున్నాను. జుట్టు పీచయింది.

"మొక్కలకు మంచినీళ్ళు, మనిషికి ఉప్పునీళ్ళు. పిచ్చి ముదిరింది," అంది వదిన.

"ముదిరింది వదినా."

ఫాల్గుణంలో ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి. ఒక మొక్కకు మొగ్గ తొడిగింది.

ఉగాది ముందురోజు పొద్దున్నే అన్న గిద్యోను మేస్త్రీని పిలిపించాడు. వీధిలో ఇసుక దిగింది. అన్న దొడ్లోకి వచ్చి వంగి, మొగ్గ కొసన ఎర్రటి గీత చూశాడు.

"రేపటికి విచ్చుకుంటుంది. గెలిచినావు పో," అని నవ్వాడు. పిల్ల చేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టేవాడి నవ్వు. ఆ నవ్వు కోసమే రెండు నెలలు పనిచేశానా అనిపించింది. రేపు పూస్తుంది సరే. మరుసటేడు ఇంకో పందెం వేస్తాడు. నేను మళ్ళీ సరే అంటాను.

మొగ్గను గోటితో తుంచేశాను.

"ఏంది ఉమా ఇది?"

"వేరు ఇంకా నిలదొక్కుకోలేదన్నా. మొదటి మొగ్గ అప్పుడే తుంచాల్సింది. నీ పందెం కోసం మొక్కతో మోయించినాను."

"అయితే ఓడినావు."

"ఓడినాను. గచ్చు మాత్రం పడదు."

"మాటంటే మాటే గదా?"

"ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. పూస్తేనే ఉంచుతానంటే ఎట్ల? పూయకపోయినా ఇది ఇట్లనే ఉంటది."

గిద్యోను పార మీద చెయ్యి ఆనించి, "అన్నా, కలపాల్నా వద్దా? ఎండెక్కుతాంది," అన్నాడు.

నేను చెప్పులు విడిచి తడి మట్టిలోకి దిగాను. "కలుపు గిద్యోనన్నా. నా కాళ్ళ మీదనే పోయాల్సొస్తది, అంతే."

"ఆడబిడ్డ కాళ్ళ మీద సిమెంటు పోసే మేస్త్రీ ఇంకా పుట్టలేదులేమ్మా," అని అతను పార భుజాన వేసుకున్నాడు.

దుకాణం తీసే వేళయింది. అన్న గడప దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "సాయంత్రం మాట్లాడదాం," అన్నాడు.

"మాట్లాడదాం. ఇక్కడే ఉంటా."

కత్తెర తీసుకుని, మిగిలిన ఆరు మొక్కల్లో ఎండు కొమ్మలు వెతకడం మొదలుపెట్టాను.