ఆరున్నొకటి

నేను ఒక నారింజరంగు లైఫ్ జాకెట్‌ని. తొడుక్కునే ముందు మనుషులు నన్ను వాసన చూసి మొహం చిట్లిస్తారు. ఆ చెమట నాది కాదు, వాళ్లకంటే ముందు తొడుక్కున్నవాళ్లది. ప్రాణం కాపాడే వస్తువు కూడా ఇస్త్రీ చేసి ఉండాలని మనుషుల కోరిక.

మద్రాసు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. రెండు నురుగు పలకలు లోపలపెట్టి, చుట్టూ కుట్టి, ముందు మూడు బకిళ్లు బిగించి నన్ను గోనెసంచిలోకి విసిరారు. నాతోపాటు మరో పదకొండు మంది. లారీ దిగి చూసేసరికి గోదావరి సముద్రంలో కలిసేచోట, మడ అడవిని ఆనుకుని ఉన్న రేవులో ఉన్నాం.

అక్కడ అప్పుడే పర్యాటకం మొదలైంది. పీతలు, రొయ్యలు పట్టే ఉప్పుటేటిపాయలోకి పట్నంవాళ్లు టికెట్టు కొనుక్కుని రావడం పల్లెకు పెద్ద వింత. ప్రశాంతత కోసం అంతదూరం వచ్చి, పడవ ఎక్కగానే ఇక్కడ సిగ్నల్ ఉందా అని అడుగుతారు. పడవ నడిపే సరంగు సంగాడి సింహాద్రి. యాభై దాటాడు, మాట తక్కువ. చెట్లూ పిట్టలూ చూపించి వివరం చెప్పేది మణిమాల. బోటనీ చదివింది. ఎవరైనా చిప్స్ పొట్లం నీళ్లలో వేస్తే పడవ ఆపించి, వేసినవాళ్ల చేతే తీయించేది. నాకు ఆమె అంటే కొంచెం భయం కూడా ఉండేది.

మాకు నెంబర్లు వేసింది సింహాద్రే. నల్లరంగు డబ్బా పక్కన పెట్టుకుని ఒకటి నుంచి ఆరు దాకా చకచకా వేశాడు. నా దగ్గరికి వచ్చేసరికి కుంచె ఆగింది. కాసేపు నీళ్లవైపు చూసి, నా గుండెమీద "6+1" అని వేశాడు. తర్వాతదానికి మామూలుగా ఎనిమిది.

పడవలో తలలు లెక్కపెట్టినా అంతే. "లాభం, రెండు, మూడు..." అంటూ ఆరు దాకా వెళ్లి, "ఆరున్నొకటి, ఎనిమిది" అనేవాడు. ధాన్యం కొలిచేవాళ్ల లెక్క అది. ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందని ఆ మాట దాటేస్తారు. పర్యాటకులకు ఇది సరదా. నన్ను తొడుక్కుని ఫొటోలు దిగేవాళ్లు. నవ్వే మొహాల కింద ఉండటం నాకూ బాగానే ఉండేది.

ఒక రోజు తనిఖీకి వచ్చినాయన నన్ను చూసి, ఇదేం లెక్క అని కసిరాడు. మర్నాడు పొద్దున్నే మణిమాల కిరసనాయిలు గుడ్డతో నా గుండె తుడిచి, తెల్లగా "7" వేసింది.

"మరీ చాదస్తం బాబాయ్. అంకెకి ఏం తెలుస్తాది?"

"నాకేటీ ఒద్దు. ఆ పిలుపు నువ్వే పిలుసుకో తల్లీ" అన్నాడు సింహాద్రి, మొహం తిప్పుకుని.

ఆ సాయంత్రం నన్ను తొడుక్కున్నది శేషగిరిరావు గారనే రిటైర్డ్ పోస్టుమాస్టరు. మెడలో దుర్భిణి. అడవి మధ్యలో చెక్కలదారి దగ్గర పడవ ఆగింది. అందరూ గుంపుగా నడుస్తుంటే ఈయన లకుముకిపిట్ట వెంట పడి దారి దిగాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో తొడల దాకా బురదలో దిగబడిపోయాడు. పెనుగులాడాడు, రెండుసార్లు కేకవేశాడు, కళ్లు తిరిగి మడచెట్ల వేళ్లమీదికి ఒరిగిపోయాడు.

సముద్రపు పోటు మొదలైంది. నీళ్లు నడుము దాకా వచ్చాయి, తర్వాత నా కింది బకిలు దాకా. నేను పైకి తన్నుతూ ఆయన గడ్డాన్ని నీటికి పైన ఉంచాను. నాకు తెలిసిన పని అదొక్కటే. ఇంకో గంటయితే అది కూడా చాలదు. ఆయన గుండె నా ముందు పలకకు తగులుతూ, సన్నబడుతూ ఉంది.

అప్పుడు దూరంగా పడవ దగ్గర మణిమాల హాజరు పిలవడం వినిపించింది. "ఐదు?" ఉన్నా. "ఆరు?" ఉన్నానండీ. "ఏడు?"

ఎవరూ పలకలేదు. ఈసారి ఆమె గొంతెత్తి, అడవివైపు తిరిగి పిలిచింది.

"ఏడూ..."

మా పక్కన ఎవరో ఏడవడం మొదలుపెట్టారు.

చేయి చాపితే అందేంత దగ్గర. ఆడగొంతు. గట్టిగా కాదు, చెప్పిన పని చేస్తున్నట్టు, ఆగకుండా. వేళ్ల మధ్య నీళ్లు తప్ప ఏమీ లేవు. శేషగిరిరావు గారి నోరు మూసే ఉంది. ఆయన గొంతు కదిలితే నా కాలరుకు తెలుస్తుంది. కదల్లేదు.

"అదిగో, ఆయనే. ఏడుస్తున్నారు. అటు పోనీ బాబాయ్" అంది మణిమాల. ఇంజన్ చప్పుడు చాలాసేపటికిగాని కదల్లేదు. వాళ్లు మా దగ్గరికి వచ్చేసరికి నీళ్లు ఆయన గడ్డానికి తగులుతున్నాయి. ఆయన్ని లాగి పడవలో వేసిన క్షణాన ఏడుపు ఆగిపోయింది. సింహాద్రి మాత్రం ఆయన్ని చూడలేదు. వేళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు.

రేవులో తెలివి వచ్చాక శేషగిరిరావు గారు నొచ్చుకున్నారు. "నేను ఏడవడమేంటమ్మా. ముప్పయ్యేళ్లు పోస్టాఫీసులో చేశాను. అది ఎప్పుడో మానేశాను."

అందరూ వెళ్లిపోయాక మణిమాల మెట్లమీద కూర్చుంది. నేను ఆమె పక్కన నీళ్లు కారుతూ ఉన్నాను. సింహాద్రి వచ్చి కింది మెట్టుమీద కూర్చుని, అడగకుండానే చెప్పాడు.

"తుపానొచ్చిన సమచ్చరం ఇదే పాయలో మా పడవ తిరగబడిపోయింది. ఏడుగురం. గట్టెక్కి లెక్కెట్టుకుంటే ఆరుగురమే. లేనిది మా ఆడది. నలుగురి ముందర పెళ్లాన్ని పేరెట్టి పిలవడానికి సిగ్గు నాకు. లెక్క నోట్లోనే ఉంది. ఏడూ, ఏడూ అని కేకలేసుకుంటా అడివంతా తిరిగేను. ఏడుపు ఇనపడతానే ఉంది, మనిషి దొరకలేదు. ఏడమన్నాననుకుంది, పిచ్చిది. ఏడుస్తా కూసుంది. పేరెట్టి పిలిస్తే ఫలానా చోట ఉన్నానని పలికేదేమో."

మర్నాడు మణిమాల నా మీది 7 తుడిచేసి, తన చేత్తోనే "6+1" వేసింది.

రెండేళ్లకు నా కుట్లు విడిపోయాయి, నురుగు బయటికి వచ్చింది. పనికిరానివాటి కుప్పలో వేశారు. పాత సామాను కొనేవాడు వచ్చే రోజున సింహాద్రి నన్ను కుప్పలోంచి తీసి, సూదీదారం తెచ్చుకుని, గట్టుమీద కూర్చుని నా కుట్లన్నీ మళ్లీ వేశాడు. మణిమాలను ఎక్కించుకుని, ఏడుపు వినిపించిన చోటికి పడవ పోనిచ్చాడు. అక్కడ లేచి నిలబడ్డాడు. పెదాలు రెండుమూడుసార్లు కదిలాక గాని మాట రాలేదు.

"నూకరత్నం. ఇది ఏసుకోయే. ఆ రోజు మన పడవలో ఇలాటియి లేవు."

నన్ను నీళ్లలోకి వదిలాడు. చిప్స్ పొట్లానికే పడవ ఆపించే మనిషి తల అటు తిప్పుకుంది.

నేను వేళ్ల మధ్య చిక్కుకున్నాను. పాటుకు బురదలో ఆనుతాను, పోటుకు తేలుతాను. మొదటి పోటుకు కింది బకిలు దానంతట అదే బిగిసింది. మర్నాటి పోటుకు మధ్యది. మూడోదానికి చాలా రోజులు పట్టింది. చేతులు అలవాటు లేనివి కాబోలు, తడుముకుని తడుముకుని పెట్టాయి.

ఇవాళ సాయంత్రం పడవ ఇటు వచ్చింది. మణిమాల తలలు లెక్కపెడుతోంది. "ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది..." సింహాద్రి ఇంజన్ ఆపి చెవి ఒగ్గి విన్నాడు. పిట్టలు తప్ప ఏమీ వినపడలేదు. మళ్లీ ఇంజన్ వేసుకుని వెళ్లిపోయాడు.

నేను తేలుతూనే ఉన్నాను, మునుపటికంటే కొంచెం బరువుగా.