గవర్రాజు కుర్చీ

మా పాత ఆఫీసుకి నాలుగో గోడ లేదు. ఉండాల్సిన చోట చీకటి ఉంది, ఆ చీకట్లో చాలామంది కూర్చుని ఉన్నారని నాకు తెలుసు, ఎందుకంటే వాళ్లు నవ్వుతున్నారు. నేనింకా ఏమీ అనలేదు, ఎవరూ ఏమీ అనలేదు, బీరువాలు కూడా చప్పుడు చెయ్యలేదు, అయినా నవ్వు తెరలు తెరలుగా వచ్చి, ఆగి, మళ్లీ వస్తోంది. నేను టైపు మిషను ముందు కూర్చుని ఉన్నాను. కిటికీలోంచి చూస్తే భీమిలి వైపు సముద్రం కనిపిస్తోంది, మా ఆఫీసు కిటికీకి సైకిల్ స్టాండు తప్ప ఇంకేమీ కనిపించేది కాదే అనుకుని మళ్లీ చూస్తే అక్కడ కిటికీయే లేదు.

డిస్పాచ్ గుమాస్తా తవిటినాయుడు చంకలో కవర్ల కట్టతో లోపలికి వస్తాడు. అతను పోయి రేపటికి ఏడాది. ఆ సంగతి నాకు గుర్తుంది, కానీ ఎదురుపడ్డ మనిషితో అలాంటి మాట ఎత్తడం బాగుండదని ఊరుకుంటాను. అతని చొక్కా జేబులో ఎర్ర ఇంకు మరక అలాగే ఉంది. తన బల్ల దగ్గరకు వెళ్లి, కుర్చీ మీది కుషన్ ఎత్తి కింద చూసి, మళ్లీ వేసి, అప్పుడు కూర్చుంటాడు. నేను టైపు మిషను వైపు తల తిప్పుకుంటాను.

"ఏటి మేడమ్, సీరియల్ మళ్లీ మొత్తం చూసీసినారంట?" అంటాడు.

చూశానంటాను. ఏ సీరియల్ అని అడగక్కర్లేదు, మా ఇద్దరికీ ఉన్నది ఒక్కటే సీరియల్. ప్రతి ఆదివారం ఉదయం టీవీలో వచ్చే ఆ గవర్నమెంటు ఆఫీసు కథకు సోమవారం టీ వేళ మా ఆఫీసులో మళ్లీ ఆట పడేది. ఎవరికి ఏ వేషమో పంచింది నేనే. నోటి దురుసుకి పేరుపడ్డ టైపిస్టు సుకుమారి వేషం నేను ఉంచుకున్నాను, ఇంకెవరికిస్తాను? తవిటినాయుడికి గవర్రాజు వేషం ఇచ్చాను. గవర్రాజు అంటే ఫైళ్లు పోగొట్టుకునే గుమాస్తా. ఆఫీసరు గర్జించగానే జేబులు తడుముకుంటూ "ఇందాకే చూశానండీ" అంటాడు, దేశమంతా నవ్వుతుంది. ఆ సోమవారం నుంచి తవిటినాయుడికి మా ఆఫీసులో వేరే పేరు లేదు. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు కూడా గవర్రాజూ అనే పిలిచేవారు, అతనూ పలికేవాడు.

ఇన్నేళ్ల తర్వాత చూస్తే ఏమనిపించిందని అడుగుతాడు. పరీక్ష పెడుతున్నట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలని ఉన్నట్టే అడుగుతాడు, అందుకే నాకు భయం ఎక్కువవుతుంది. మాటలు తొందరతొందరగా దొర్లిపోతాయి. మొదటి పది భాగాలూ ఇప్పటికీ బాగున్నాయంటాను, మధ్యలో పాటలు విసుగు పుట్టించాయంటాను, జీపు చెడిపోయిన భాగానికి మాత్రం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వానంటాను, ఆఫీసరు అరిచినప్పుడు ఆ రోజుల్లో పొట్ట పట్టుకుని నవ్వామా, ఇప్పుడు గవర్రాజు చేతివేళ్లు వణకడం కనిపించి చూడలేకపోయానంటాను. సుకుమారి సంగతి చెప్పలేదేమని అతను అడగడు. కవర్లు అంటిస్తూ ఉంటాడు, అంతే. అంటించిన ప్రతి కవరునీ నా బల్ల మీద పెడుతున్నాడు, ప్రతి కవరు మీదా నా పేరే ఉంది.

"సుకుమారికి తెలివి ఎక్కువైంది," అంటాను చివరికి. "ఎవరు కింద పడినా పక్కన తనే నిలబడి ఉంటుంది."

చీకట్లో వాళ్లు దీనికి కూడా నవ్వుతారు. ఆ నవ్వుల్లో ఒకటి నేను గుర్తుపడతాను. పైకి లేచి చివర్లో విరిగే సన్నని నవ్వు, అది నాది. నా నోరు మూసే ఉంది, పెదాలు తడిమి చూసుకుంటాను కూడా, అయినా అది అక్కడ చీకట్లోంచి వస్తూనే ఉంది.

"ముప్పై ఒకటో భాగం?" అంటాడు.

అది చూడలేదని అబద్ధం చెబుతాను. మూడుసార్లు చూశాను. అందులో సుకుమారి ముఖ్యమైన ఫైలొకటి గవర్రాజు కుర్చీలో కుషన్ కింద దాస్తుంది, ఆఫీసంతా తలకిందులవుతుంది, ఆఫీసరు గవర్రాజుని లేవమంటాడు, ఫైలు అతని కిందే దొరుకుతుంది. ఆ భాగం వచ్చిన మర్నాడు నేనూ అదే చేశాను. నిజం ఫైలు, కోర్టుకి వెళ్లాల్సిన కాగితాలు, పదకొండింటికి జీపు బయల్దేరాలి. అయిదు నిమిషాలు ఏడిపించి తీసేద్దామనుకున్నాను. ఆ అయిదు నిమిషాల్లోనే ఆఫీసరు వచ్చిపడ్డాడు, వెతుకులాట మొదలైంది, జీపు ఉత్తినే వెళ్లిపోయింది, మధ్యాహ్నం అతన్ని లేవమంటే ఫైలు అతని కిందే దొరికింది. ఆఫీసరు తప్ప అందరం నవ్వాం. కానీ ఆ నవ్వు అతనికిచ్చిన మెమోతో ఆగింది, అతని ప్రమోషన్ ఆగింది. అదే నెల ప్రమోషన్ల జాబితాలో నా పేరు ఉంది. నేను నోరు మెదపలేదు. పొరపాటు తనదేనని రాసి సంతకం పెట్టి అతను తన బల్ల దగ్గరకు వెళ్లిపోయాడు, రిటైరయ్యేదాకా కుషన్ ఎత్తి చూడకుండా ఒక్కరోజూ కూర్చోలేదు. ఆస్పత్రిలో చివరిరోజున కూడా పరుపు ఎత్తి చూపిస్తే గాని పడుకోలేదని, పెద్దకర్మ నాడు అతని భార్య సత్తెమ్మగారు నాతోనే చెప్పింది. ఎందుకలా చేసేవారో మీకేమైనా తెలుసా అమ్మా అని అడిగింది. తెలియదన్నాను. వాళ్లింట్లో భోంచేసి ఇంటికొచ్చాను.

ఇదంతా నేను మనసులో అనుకున్నానో పైకి అన్నానో తెలియదు. తవిటినాయుడు బల్ల ఉన్నచోట ఇప్పుడు ఇనప మంచం ఉంది, దాని మీద పరుపు లేదు, అతను ఊచల మీదే కూర్చుని ఉన్నాడు.

"రేపు మా ఇంటికాడ ఏటి చెప్తారు మేడమ్?"

రేపు అతని సంవత్సరీకం. నాన్న గురించి రెండు మాటలు చెప్పండి ఆంటీ, ఆ సీరియల్ సంగతులూ అవీ నవ్వొచ్చేలా చెప్పండి, అమ్మ ఏడాదిగా నవ్వలేదు అని వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. అందుకోసమే సీరియల్ బయటకు తీశాను. ఫైలు కథ చెబితే అందరూ నవ్వుతారు, దాచింది ఎవరో చెప్పకపోతే సరి. సిగ్గులేకుండా అలాగే అనుకున్నాను. ఆ మాట ఇతనితో ఎలా అనను?

"నీకు తెలుసా?" అని మాత్రం అడగగలుగుతాను.

"ఆఫీసరు నన్ను లెగమన్నాడు. నానింకా లెగనేదు, మీరు నవ్వీసినారు," అంటాడు. గొంతులో కోపం లేదు, కవరు మీద చిరునామా చదువుతున్నట్టే అంటాడు. "నా కింద ఏటున్నాదో నాకే తెల్దు. మీకెలాగ తెలిసినాది?"

చీకట్లో నవ్వు ఆగిపోతుంది. అది ఆగితే బాగుండునని ఇంతసేపూ అనుకున్నాను, తీరా ఆగాక ఒళ్లంతా చెమట పడుతుంది. తెలిస్తే ఎందుకు చెప్పలేదని అడుగుతాను. ఆ అడగడంలో కూడా తప్పు అతనిదే అన్నట్టు వినిపిస్తుంది, నాకే అసహ్యం వేస్తుంది.

"మీరే చెప్తారనుకున్నాను. సాయంత్రం దాకా సూసినాను," అంటాడు. జేబులు తడుముకుని, "రిటైరయ్యేదాకా సూసినాను," అంటాడు.

తర్వాత ఎప్పటిదాకా చూశాడో అతను చెప్పడు. మంచం దిగి నా ముందు నిలబడతాడు. దగ్గరికి రావడం లేదు, కానీ మధ్యలో ఉన్న బల్లలు ఒక్కొక్కటీ పక్కకు తప్పుకుంటున్నాయి.

"ఓపాలి లెగండి, మేడమ్."

వద్దంటాను. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంటాను. నా కింద కుషన్ ఎత్తుగా ఉందని అప్పుడే తెలుస్తుంది, మొదట ఫైలు అంచులాగా గట్టిగా తగులుతుంది, కాసేపటికి అది వెచ్చగా ఉంటుంది, మెల్లగా పైకీ కిందకీ అవుతుంది, ఏదో ఊపిరి పీలుస్తోంది. నేను లేస్తే అందరికీ కనిపిస్తుంది. సత్తెమ్మగారు కూడా ఆ చీకట్లో ముందు వరసలోనే కూర్చుని ఉందని తెలుసు, ఆమె ఒక్కతే ఇంతసేపూ నవ్వలేదు. లేవను, లేవను అంటూనే ఉన్నాను, నా మోకాళ్లు వాటంతట అవే నిటారు అవుతున్నాయి, నేనింకా పూర్తిగా లేవనేలేదు, చీకట్లో ఒక్కసారిగా అందరూ నవ్వుతారు.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర అయింది. ఫ్యాను తిరుగుతోంది, వీధిలో ఉల్లిపాయల బండివాడు మైకులో అరుస్తున్నాడు. సీరియల్ ఎప్పుడు ఆగిపోయిందో, ఇంకా చూస్తున్నారా అని టీవీ అడుగుతోంది. రేపు చెప్పడానికి రాసుకున్న కాగితం టీపాయ్ మీద ఉంది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు, తలుపు లోపల గడియ వేసే ఉంది.

వీపు నొప్పిగా ఉంటే చేత్తో తడిమి చూసుకున్నాను. నేను పడుకున్నది సోఫా చెక్క మీద. కుషన్ తీసి గోడకు ఆనించి ఉంది, ఎప్పుడు తీశానో నాకు తెలియదు. దాన్ని తెచ్చి మళ్లీ వేశాను. కూర్చోబోయి, ఆగి, ఒక కొస ఎత్తి కింద చూశాను. ఏమీ లేదు. అయినా కూర్చోవడానికి ధైర్యం చాలలేదు, నిలబడే సత్తెమ్మగారికి ఫోన్ చేశాను.