బోణీకిచ్చిన పొట్లం

అనంతపురం జిల్లాకు కరువు కొత్త కాదు. వానకు కరువు, నీళ్ళకు కరువు, పశువుల మేతకు కరువు, అన్నీ చూసినవాళ్ళే. కానీ వంటసోడాకు కరువొస్తుందని పామిడిలో ఎవరూ కలగనలేదు. లాక్‌డౌన్ పుణ్యమా అని ఊరు ఊరంతా ఫోన్లు చూసి, కుక్కర్లో ఇసుక పోసి కేకులు చేయడం మొదలుపెట్టింది. చారు కాచడం రానివాళ్ళు కూడా! దాంతో అంగళ్ళలో మైదా, వెనిలా సీసాలు, సోడా అన్నీ ఊడ్చిపెట్టుకుపోయాయి.

ఆ రోజు పొద్దున ఆరింటికి కన్యకమ్మ అంగడి తలుపు తీసీ తీయకముందే, మాస్కు కట్టుకున్న ఒక పడుచు వచ్చి నిలబడింది.

"శెట్టెమ్మా, వంటసోడా ఉండాదా? నా కూతురు పుట్టినరోజు. నాలుగంగళ్ళు తిరిగినా, యాడా లేదు."

సోడా అయిపోయి వారమైంది. కానీ బోణీ బేరాన్ని ఉత్తచేతులతో పంపితే ఆ రోజు అంగడి సాగదని కన్యకమ్మ అత్తగారు బతికున్నన్నాళ్ళూ నూరిపోసింది. పై అరలో తడిమితే పాత సోడా డబ్బా దొరికింది. అడుగున కాస్త తెల్లపొడి ఉంది. హమ్మయ్య అనుకుని పొట్లం కట్టి ఇచ్చేసింది.

తొమ్మిదికి పోలీసులు అంగళ్ళు మూయించారు. అప్పుడు భర్త బదరీనారాయణ పై అర వెతికాడు.

"ఏమే, బొద్దింకల పొడి ఏమైంది? పాత సోడా డబ్బాలో పోసింటి."

"సోడా అనుకుని పొద్దున బోణీకిచ్చేస్తినే!" అంది కన్యకమ్మ. "పోసినప్పుడు నాకొక మాట చెప్పగూడదా?"

అది బోరిక్ పొడి. పిండిలో, చక్కెరలో కలిపి మూలల్లో పెడితే తెల్లారేసరికి బొద్దింకలు వెల్లకిలా పడతాయి. తాను ఇచ్చిన పొడి కూడా ఈపాటికి పిండిలో, చక్కెరలో కలిసే ఉంటుంది.

"ఎవురికిచ్చినావో తెలీదు గదా? గమ్మునుండు. అంగడి పేరు పోతాది," అన్నాడు బదరీనారాయణ.

ఆ మాటకు భర్త మొహం చూడాలనిపించలేదామెకు. చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడింది.

ఆ పడుచు పెన్న ఒడ్డు వీధివైపు పోవడం మాత్రం చూసింది. కేకు వాసన పట్టుకుని ఇల్లు కనుక్కోవచ్చనుకుంది, పిచ్చిది. ఆ వీధిలో ఇంటికొక కేకు ఉడుకుతోంది. ఒక్కో తలుపూ తట్టి, "మీ ఇంట్లో బిడ్డ పుట్టినరోజా?" అని అడిగింది.

"ఏం శెట్టెమ్మా, కేకుకొచ్చినావా?" అని నవ్వారు. ఆమెకు మాత్రం తట్టిన ప్రతి తలుపు వెనకా ఒక బిడ్డ చచ్చిపోతున్నట్టే అనిపించింది.

వీధి చివరింట్లో బుడగలు కట్టారు. పొద్దున వచ్చిన పడుచే తలుపు తీసింది. పేరు నందిని. మొగుడు లారీతో ఎక్కడో రాష్ట్రం అవతల ఇరుక్కుపోయాడు. లోపల ఐదేళ్ళ సుష్మిత పెదాలు నాక్కుంటోంది.

"ఎంత తినింది?"

"ఒక ముక్క. పొంగలేదు గానీ బాగుండాదనింది. ఏం శెట్టెమ్మా?"

"దాంట్లో ఉండేది సోడా కాదు తల్లీ. బొద్దింకల మందు. నా చేతుల్తో నేనే ఇచ్చినా."

నందిని ప్లేటు లాక్కుని, ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఎంత తిన్నదీ అడిగి, సాయంత్రం దాకా కనిపెట్టి చూడమన్నాడు డాక్టరు. వాంతులైనా, మగత వచ్చినా ఒక్క నిమిషం ఆగకుండా తీసుకురమ్మన్నాడు.

నందిని పోయి తలుపు గడియ పెట్టింది.

"నా బిడ్డ మల్లా ఆకలని అడిగేదాకా నువ్వీడనే కూచో."

కన్యకమ్మ కూచుంది. భర్త నుంచి ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తలేదు. మధ్యాహ్నం పాప కళ్ళు మూతలు పడ్డాయి. అది రోజూ పడుకునే వేళో, మగతో ఇద్దరికీ తెలియలేదు. పది నిమిషాలకోసారి నందిని పిల్లను కుదిపి లేపేది, అది విసుక్కుని ఏడిస్తే ఇద్దరూ ఊపిరి పీల్చుకునేవాళ్ళు. కన్యకమ్మ అమ్మవారికి మొక్కబోయింది. ఏం మొక్కాలో తోచక ఊరికే "అమ్మా, అమ్మా" అంటూ ఉండిపోయింది.

నాలుగు దాటాక పాప తనంతట తానే లేచి కూచుంది.

"అమ్మా, ఆకలైతాంది. కేకు పెట్టు."

నందిని పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యాక గడియ తీసింది.

"ఇంగ పో శెట్టెమ్మా."

కన్యకమ్మ లేవబోయింది. పాప మొహం ఇంకోసారి చూసి మళ్ళీ కూచుంది.