మాడు మీది పెచ్చు

బస్సు తప్పిపోతే బాగుండు, కనీసం రైల్వే గేటు పడినా చాలు, ఊరిగాం నుంచి రాబర్ట్‌సన్‌పేట బస్టాండు ఏమంత దూరమని, స్కూటరు ఎంత మెల్లగా తోలినా ఇట్టే వచ్చేస్తుంది అని పురుషోత్తమ్ అనుకుంటూ ఉంటే, వెనక కూర్చున్న అమ్మ సొన్నమ్మ, ఏమప్పా, నడిచిపొయ్యేటోళ్ళు గూడా మనల్ని దాటుకోని పోతావుండారే అంది, నవ్వించాలనే అంది, అతనికి నవ్వు రాలేదు, మనవడికి నీళ్ళు పోయడానికని ఆవుల్ని పక్కింటికి అప్పజెప్పి వచ్చిన మనిషి, ఇవాళ ఒళ్ళో సంచి పెట్టుకుని క్యాసంబళ్ళికి తిరిగిపోతూ ఇంకా తననే నవ్వించాలని చూస్తోంది, పొద్దున చైత్ర ఏడుస్తూ అన్న మాటకు కూడా ఎదురు చెప్పలేదు, అత్తమ్మా, ఆముదం వద్దని ఎన్నిసార్లు చెప్పినాను, ఆ గరుకు చేతుల్తో రుద్ది రుద్ది నా బిడ్డ తల పుండు చేసిపెట్టినారు కదా అని భార్య అంటే, అమ్మ తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుని, నిజమే ఉంటాదిలేమ్మా, మట్టిలో పన్జేసి మొరటుబారిపోయినాయి అంది, అప్పుడు తను ఎక్కడున్నాడు, గుమ్మంలోనే ఉన్నాడు, పళ్ళు తోముకుంటూ, నోట్లో నురుగు ఉంది కాబట్టి మాట్లాడలేదట, నురుగు ఉమ్మేశాక మాత్రం మాట్లాడాడా.

చేసింది తనే, అమ్మ కాదు, ఆముదం కాదు, ఆఫీసు వాళ్ళు బిడ్డను చూడటానికి రాకపోయి ఉంటే, వాళ్ళలో ఆ నేత్ర బిడ్డ టోపీ తీసి, అయ్యో ఇదేంటి సార్, బిడ్డకి తలకి పోయరా అని అందరి ముందూ అనకపోయి ఉంటే, చిన్మయ్ మాడు మీద ఆ పసుప్పచ్చ పెచ్చు అతనికసలు పట్టేదే కాదు, బెల్లం పాకం ఒలికి ఎండినట్టు జిడ్డుగా అతుక్కుని, ఎంత నూనె రాసినా ఎన్ని నీళ్ళు పోసినా మొండికేసిన పెచ్చు, చాలామంది పిల్లలకు వచ్చేదే అని డాక్టరమ్మ చెప్పింది కూడా, అయినా నేత్ర మాట చెవిలోంచి పోలేదు, పోయిన వారం ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళిద్దరూ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, నిద్రపోతున్న బిడ్డ పక్కన కూర్చుని గోటితో ఒక అంచు లేపాడు, వచ్చింది, ఇంకో అంచు, అదీ వచ్చింది, చిన్నప్పుడు పురుగులు గూళ్ళు కట్టే వెదురు తట్టల్లోంచి, ఆ చంద్రికల్లోంచి పట్టుగూళ్ళు ఊడదీస్తే టప్పున వేళ్ళలోకి వచ్చిపడేటప్పటి హాయి, అదే హాయి, కొడుకు తల మీద, బిడ్డ కదిలితే జోకొట్టి మళ్ళీ గీకాడు, ఆపలేకపోయాడు, ఒక పెద్ద ముక్క వెంట్రుకలతో సహా లేచి వచ్చి, కింద ఎర్రటి చెమ్మ, అందులో ఒక రక్తపు బొట్టు, చిన్మయ్ కెవ్వుమంటే తను ఏం చేశాడు, టోపీ తొడిగాడు, చైత్రను పిలిచి ఆకలేమో చూడు అన్నాడు, ఆకలేమోనట, ఆ తర్వాత పుండు చీము పట్టి, టోపీ తలకు అంటుకుపోయి, దాన్ని తీసేటప్పుడు బిడ్డ ఏడ్చిన ఏడుపు వీధి వీధంతా విన్నది.

డాక్టరమ్మే కదా చెప్పింది, బిడిసి అని, క్యాసంబళ్ళిలో గూళ్ళు ఊడదీయడాన్ని అందరూ బిడిపించేది అనే అంటారు, కన్నడం మాటే అయినా ఇంటి మాట, చిన్మయ్‌ని చూపించడానికి తనొక్కడే పోయిన రోజు ఆమె బిడి అని ఉంటుంది, అంటే వదిలేయండి అని, గూళ్ళ మధ్య పెరిగిన తన చెవికి బిడిసి అని, ఊడదీయండి అని వినిపించి ఉంటుంది, మధ్యలో తేడా ఒక్క అక్షరం, తప్పు వినడం నేరమా, ఎవరైనా నిలదీస్తే ఇదే చెప్పాలని ముద్దాయిలాగా సిద్ధం చేసుకున్నాడు, ఈలోగా మూతబడ్డ బంగారు గనుల సైనైడ్ మట్టి దిబ్బల మీంచి తెల్ల దుమ్ము లేచి కళ్ళలో కొడితే బండి పక్కకు తీసి ఆపాడు, కళ్ళు మూసుకున్నాడు, మూసుకుంటే ఆమె గొంతు మొత్తం వినిపించింది, ఎణ్ణె హచ్చి, స్నాన మాడ్సి, ఉళిదద్దు బిడి, తానే హోగుత్తె, నూనె రాసి నీళ్ళు పోయండి, మిగిలింది వదిలేయండి, అదే పోతుంది, అదే పోతుందని చెప్పే మనిషి ఊడదీయమని ఎందుకంటుంది, తను సరిగ్గానే విన్నాడు, విని కూడా చేశాడు, ఏమప్పా దుమ్ము పడిందా, ఊదమంటావా అని అమ్మ అడుగుతోంది, వద్దమ్మా అని బండి తీశాడు.

బస్సు తప్పలేదు, వీళ్ళ కోసమే ఆగినట్టు నిలబడి ఉంది, అమ్మ ముందు సీట్లో కూర్చుంది, తనూ ఎక్కి సంచి అందిస్తే కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఇంగ పోప్పా, బిడ్డకి మెత్తని గుడ్డది టోపీ తీసుకో, చైత్రను ఏమీ అనద్దు, పాలిచ్చే తల్లి, కడుపు మంటలో అనింది, అంతే అంటూ ఉండగా, చంకలో బిడ్డతో ఒక ఆమె మెట్టెక్కి, అవ్వా, వీడ్ని రవ్వంత పట్టుకో, సంచులు ఎక్కించుకుంటాను అని బిడ్డను అందించబోయింది, ఏ బస్సులో ఏ బిడ్డ కనపడినా అడక్కముందే లాక్కుని ఒళ్ళో వేసుకునే అమ్మ చేతులు రెండూ కొంగులోకి దూర్చేసుకుని, వద్దుమ్మా, నా చేతులు మంచివి కాదు, ఇంకెవరికన్నా ఇయ్యి అంది, ఆమె విచిత్రంగా చూసి బిడ్డను వెనక సీటు వాళ్ళకిచ్చింది, కండక్టరు విజిలు నోట్లో పెట్టుకుని, ఏం స్వామీ, వస్తావా దిగుతావా అంటున్నాడు, పురుషోత్తమ్ కదల్లేదు, చిన్మయ్ తల మానుతుంది, మందు రాస్తున్నారు, వాడికి గుర్తు కూడా ఉండదు, ఇది మానదు, తను నోరు విప్పకపోతే ఈ రెండు చేతులూ ఈ కొంగులోనే ఉండిపోతాయి, ఇంక ఏ బిడ్డనూ ముట్టవు, చైత్ర తిట్టినా, నలుగురూ నవ్వినా, దీని ముందు ఏపాటి, అతను బస్సు మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని, కొంగులోంచి ఆ చేతుల్ని బయటికి లాగి పట్టుకున్నాడు, అమ్మా, ఈ చేతులు కాదు, నావి.