పుస్తెలతో పోయిన తాళం చెవి

నేను అక్షరాలు నేర్చుకుని రెండేళ్లే అయింది. తప్పులుంటే మన్నించండి. ఒక్కో వరస రాయడానికి అత్తెసరు దిగేంత సేపు పడుతోంది. ఇంట్లో వస్తువేదైనా మాట్లాడినట్టు రాయమంది మా పంతులమ్మ. మా ఇంట్లో నోరున్న వస్తువు ఒకటే. దాన్నే చెప్పనిస్తున్నాను.

నేను ఒక నల్ల సైకిల్ని. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టినా, విజయనగరం కొట్లో గొలుసు బిగించాకే నాకు ప్రాణం వచ్చింది. నన్ను కొన్నది దాలినాయుడు, గోనె సంచుల మిల్లులో పనివాడు. కొన్న రోజే నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించాడు. నిమ్మకాయ మీద ఉన్న నమ్మకం మనుషులకు బ్రేకుల మీద ఉండదు.

రోజూ మిల్లుకు ఆరు మైళ్లు వెళ్లడం, ఆరు మైళ్లు రావడం. ఆదివారాలు మాత్రం మైదానంలో భార్య పైడమ్మకు తొక్కడం నేర్పేవాడు. ఆమె కుచ్చెళ్లు బొడ్లో దోపి, కడ్డీ మీదుగా కాలు వేసి ఎక్కేది. "ముందుకి సూడే! సక్రంకేసి ఏటి సూస్తావు?" అంటూ ఆయన వెనకే పరిగెత్తేవాడు. తొక్కడం బాగానే వచ్చింది. కానీ ఎవరైనా కనిపిస్తే చాలు, గబుక్కున దిగిపోయి, పొద్దుటి నుంచీ నన్ను తోసుకునే వస్తున్న దానిలా నడిచేది.

నా తాళం చెవులు రెండిట్లో ఒకటి దాలినాయుడు పోగొట్టాడు. మిగిలిన దాన్ని పైడమ్మ తన పుస్తెలతాడుకున్న పిన్నీసుకు తగిలించుకుంది. సాయంత్రం ఆయన నా వెనక చక్రానికి తాళం వేసి చెవి ఆమెకిచ్చేవాడు. పొద్దున ఆమె తీస్తేనే నేను గుమ్మం దాటేది.

ఒక సాయంత్రం అలాగే తాళం వేసి, చెవి ఇచ్చి, అరుగు మీద కూర్చున్నవాడు మరి లేవలేదు.

పదో రోజున పైడమ్మ మెడలోని తాడు తీసి పాలగిన్నెలో వేశారు, పిన్నీసుతో సహా. ఆ ఏడుపుల్లో ఎవరు చూస్తారు? ఆడపడుచు ఎర్నమ్మ దాన్ని మూటకట్టి తన పెట్టెలో దాచింది. పైడమ్మకు సంగతి తెలిసినా అడగలేదు. పుస్తెల మూట విప్పమనే ముండమోపిని ఊరు ఏమంటుందో ఆమెకు తెలుసు. మూడేళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డాను. సీటు మీద కోడి కాపురం పెట్టింది.

అక్షరాల బడిలో చేరాక పైడమ్మకు తోటి ఆడవాళ్లు కొందరు కలిశారు. వాళ్లు ఆదివారాలు సైకిళ్ల మీద ఊరి బయటి ఆసుపత్రికి అంబలి పట్టుకెళ్లి రోగులకు పోస్తారు. "సైకిలుంటే నువ్వూ రా పిన్నీ" అన్నారు. ఆ రోజు ఆమె నా పక్కన చాలాసేపు నిలబడింది.

సైకిళ్లు బాగుచేసే సన్యాసి వచ్చి టైర్లు మార్చి, సుత్తి తీశాడు. "ఒక్క దెబ్బ అత్తా, ఊడొచ్చేస్తాది."

"ఒద్దు. మీ మావ సేత్తో ఏసిన తాళం. సుత్తి తగలనీను."

అని తిన్నగా ఎర్నమ్మ వాకిట్లోకి నడిచింది. పక్క వాకిలే కాబట్టి అంతా విన్నాను.

"ఏటే, ఈ వయసులో పుస్తెల మీదికి మనసు మళ్లిందా?"

"పుస్తెలు నీ కాడే ఉంచు వదినా. ఆయన బండి తాళం ఒక్కటీ ఇచ్చీ."

"నువ్వు బండెక్కితే జనం నవ్వరా?"

"నవ్వనీ. రోగాలోళ్లు నవ్వితే మరీ మంచిది."

పెట్టె తెరిచిన చప్పుడయింది. తర్వాత ఎర్నమ్మ ముక్కు చీదడం వినిపించింది. తమ్ముడు కట్టిన ఆ తాడును మూడేళ్లుగా ఆమె కూడా చూడలేదు మరి. చివరికి తనే చెవి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "తుప్పట్టింది. కొబ్బరి నూని రాయే."

మూడోసారి తిప్పితే టక్కుమంది.

ఆదివారం అంబలి క్యాను నా వెనక కట్టి, వీధి చివరిదాకా తోసుకుంటూ వెళ్లింది పైడమ్మ. అక్కడ కుచ్చెళ్లు దోపి ఎక్కింది. టీ కొట్టు ముందు పదిమంది చూశారు. ఆమె దిగలేదు.

ఆసుపత్రి వరండా పక్కన నాకు తాళం వేసి, చెవిని దారానికి గుచ్చి మెడలో వేసుకుంది. అంబలి అందుకుంటూ ఒక ముసలమ్మ అడిగింది, "మెళ్లో ఏటమ్మా అది?"

"నా బండి తాళం."

అన్నాళ్లూ నేను ఆయన బండినే.

— రౌతు పైడమ్మ, అరవై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఉంటున్నది వదిన ఎర్నమ్మ ఇంట్లోనే, విజయనగరం.