మరక కాదమ్మా

మా లాండ్రీలో నా కోతలకు అంతు లేదు. ఒకసారి సర్కస్ ఏనుగుకు ఇస్త్రీ చేసి ముడతలన్నీ పోగొట్టానని, దాన్ని గుర్తుపట్టలేక మావటివాడు గొల్లుమన్నాడని చెబితే, ఉతుకుడు గదిలో ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కోత కాదు. కోతే అయితే ఎంత బాగుండేదో.

ఆ గదిలో ఏడుగురు పనిచేస్తారు. అందరూ నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే, మా అమ్మాయితో సహా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుము వరకు తడే. పైన రబ్బరు తొడుగు, లోపల తడిబట్ట ఒంటికి అంటుకుని ఉంటుంది. ఆసుపత్రి దుప్పట్ల మరకలకు నేను నేర్పిన సూత్రం ఒక్కటే: మరక మొండికేస్తే మందు పెంచు.

నెల రోజులుగా మా అమ్మాయి నడక తేడాగా ఉంది. కుదురుగా కూర్చోలేకపోతోంది. "ఏమ్మా, కుర్చీకీ నీకూ గొడవా?" అని ఎగతాళి చేస్తే, "నీ పని చూసుకో నాన్నా" అని కసిరింది. వాళ్లమ్మ ఉంటే కూపీ లాగేది. ఆవిడ పోయి నాలుగేళ్లు.

ఒక మధ్యాహ్నం మరకల మందు చిన్న సీసాలో నింపుకుంటూ నా కంటపడింది.

"ఇంట్లో ఏ దుప్పటికమ్మా అది?"

సీసా తీసుకోబోతే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"దుప్పటికి కాదు నాన్నా. కింద దురద. పెరుగు విరిగినట్టు తెల్లగా అవుతోంది. ఎంత కడిగినా పోవట్లేదు. రోజుకో మూత పెంచుతున్నా. ఇప్పుడు ఒంటికి వెళ్తే నిప్పు పోసినట్టుంది."

మూత పెంచమని నేర్పిన నోరు నాదే.

సైకిల్ మీద కూర్చోలేదని ఆసుపత్రికి నడిపించే తీసుకెళ్లాను. డాక్టరమ్మ తెర వెనక అడుగుతోంది: "దేనితో కడిగావు?"

"మామూలు సబ్బేనండి."

బయట బల్ల మీద కూర్చుని విన్నాను. లేచి, తెరకు వీపు పెట్టి, "సబ్బు కాదమ్మా, మరకలు తీసే మందు. నేర్పిన వెధవను నేనే" అన్నాను.

తర్వాత డాక్టరమ్మ నాక్కూడా వినబడేలా చెప్పింది. "ఇది మరక కాదమ్మా, మురికీ కాదు. ఈస్ట్ అని, బూజు జాతిది. కొద్దిగా చాలామంది ఒంట్లో ఉండేదే. తడి, వెచ్చదనం దొరికితే పేట్రేగిపోతుంది. లోపల కడగక్కర్లేదు, ఆ చోటు తనను తానే శుభ్రం చేసుకుంటుంది. బయట మంచినీళ్లు చాలు. గొంతునొప్పికని ఎవరివో మిగిలిన యాంటీబయాటిక్ బిళ్లలు మింగానని ఇందాక అన్నావే, వాటివల్ల కాపలా కాసే మంచి క్రిములూ చచ్చుంటాయి. నూలుబట్ట వేసుకో, తడిస్తే వెంటనే మార్చుకో. దురదలన్నీ ఇదే అయి ఉండవు, అందుకే నమూనా పరీక్షకు పంపుతున్నా. రక్తంలో చక్కెర ఎక్కువైనా ఇది వస్తుంది, ఆ పరీక్ష కూడా చేయించు. ఈ కాలిన పుండు మాత్రం తొందరగా మానదు."



మర్నాడు ఉతుకుడు గదిలోకి వెళ్లాను. "అమ్మా, మధ్యాహ్నం ఒక అరగంట ఇస్త్రీ గది మీది. నేను వీధిలో కూర్చుంటా, పొడిబట్టలు మార్చుకోండి. మరకల మందు ఒంటికి తగలనివ్వకండి. తడిలో నానితే ఒంట్లో బూజు పెరుగుతుందట."

ఏడుగురిలో గొంతు పెద్దదాన్ని మేము గంట అంటాం. అది ఖంగుమని నవ్వింది. "దుప్పట్లు అయిపోయి మనుషులకు బూజు పట్టిస్తున్నావా బాబాయ్? కోతలకైనా హద్దుండాలి!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ముల్లులా గుచ్చుకుంది.

మా అమ్మాయి కుళాయి కట్టేసింది. మెడ దాకా ఎర్రబడింది.

"కోత కాదక్కా. నాకే వచ్చింది. ఆ మందుతోనే కడుక్కుని ఒళ్లు కాల్చుకున్నా."

నవ్వులు తెగిపోయాయి. దుప్పటి పిండుతున్న గంట ఆగిపోయింది. దాని గొంతు అంత సన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

"పిల్లా, ఆ డాక్టరమ్మ ఎన్నింటిదాకా ఉంటుంది?"

నేను బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.