ఒప్పుకున్నది ఆయనా, పట్టీయా?

మా ఆయన ఓబులేసు నిరుడు జూన్‌లో మంచివాడయ్యాడు. వెన్నుకు ఆపరేషన్ చేసినా నొప్పి తగ్గకపోయేసరికి డాక్టరు మందు పట్టీ రాసిచ్చాడు. మార్ఫిన్ జాతి మందట. మూడు రోజులకొకటి ఒంటికి అంటించాలి. ఆయన ముప్పై ఏళ్లు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో పనిచేసి, ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని గేటు దగ్గరే తిప్పి పంపిన మనిషి. చారులో ఉప్పు ఎక్కువైతే ఇంట్లో కూడా సంజాయిషీ అడిగేవాడు. అలాంటివాడు పట్టీ పడ్డాక "ఏం కాదులే జయా" అనడం మొదలుపెట్టాడు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా. యాభై ఆరేళ్ల వయసులో ఆయన యూనివర్సిటీలోనే ఎమ్మే తెలుగు చదువుతానని అడిగాను. నవ్వి "చదువుకోపో" అన్నాడు. మర్నాడే ఫీజు కట్టేశాను. కానీ ఒప్పుకున్నది ఆయనా, పట్టీయా అన్న గుబులు మాత్రం లోపల ఉండిపోయింది. ఎందుకంటే నోటిమాటను పర్మిషన్‌గా ఆయన ఆఫీసులో ఏనాడూ ఒప్పుకోలేదు.

మొదటి ఏడాది ఆఖరి పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం నేను ఛందస్సుతో కుస్తీ పడుతుంటే పట్టీ మార్చమన్నాడు. ఒక్క పేజీ ఆగమన్నాను. ఆగే రకమా? కొత్తది తానే ఛాతీకి అంటించుకున్నాడు. వీపు మీది పాతదానికి చెయ్యి అందలేదు. అందినా తీసేవాడు కాదు, అందులో ఇంకా మందు మిగిలి ఉంటుందని ఆయన లెక్క. నేను చూసుకోలేదు.

తెల్లారి కాఫీ తెస్తే ఎంత కదిపినా లేవలేదు. పెదవులు నల్లబడ్డాయి. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య నా ప్రాణం పోయి వస్తోంది. పక్కింటి కమలాకర్ కారు తీశాడు. కంగారులో పర్సుకు బదులు హాల్ టికెట్ ఉన్న సంచే చంకలో ఇరుక్కుని వచ్చింది.

యూనివర్సిటీకి దగ్గర్లోనే, తార్నాకలోని నర్సింగ్ హోమ్‌లో రెండు పట్టీలూ పీకేసి, మందుకు విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు నిమిషాల్లో ఆయన లేచి కూర్చున్నాడు.

"నా బనీను కత్తిరించినోడు ఎవుడు?"

అదే మొదటి మాట. తర్వాత చెమటలు, వణుకు, వాంతి, ఒకదాని మీద ఒకటి ఆవులింతలు, వాటి మధ్య తిట్లు.

"గీ విరుగుడు పడితే గిట్లనే అయితది అమ్మా," అంది నర్సు నవనీత. "వాంతులు, గుండె దడ, ఒళ్లు నొప్పులు, కోపం. పరేషాన్ కాకు. అన్నీ తగ్గుతయి."

"కోపం కూడా తగ్గుతుందా?"

"తగ్గుతది."

"ముప్పై మూడేళ్లుగా తగ్గలేదమ్మా."

అంతలో ఆయన కన్ను నా సంచిలోంచి బయటికొచ్చిన కాగితం మీద పడింది. "ఏందే అది, హాల్ టికెట్టా? ఈ వయసులో నీకు పరీక్షలేంది? ఎవరిచ్చినారు పర్మిషన్?"

"నువ్వే."

"నేనా? రాతలో ఉండాదా?"

ఏడాది చదువు, గట్టున పడేముందు మునిగింది.

ముప్పావుగంటకు ఆయన కళ్లు మళ్లీ బరువెక్కాయి. మొహం మెత్తబడింది. "జయా, పరీక్షకు పోలేదా బంగారూ?" అన్నాడు. పెళ్లైనప్పట్నుంచి వినని మాట. ఈ సందులో సంతకం పెట్టించుకుందామని పెన్ను కోసం సంచి వెతుకుతున్నాను.

"జరుగమ్మా, ఊపిరి తగ్గుతున్నది," అని నవనీత నన్ను పక్కకు నెట్టి డాక్టరును కేకేసింది. ఒంట్లో ఇంకిన పట్టీ మందు విరుగుడు కన్నా ఎక్కువసేపు ఉంటుందట. ఇంకో డోసు ఇచ్చి, డ్రిప్ పెట్టారు. సిగ్గుతో సంచి మూసేశాను. ఆయన ఊపిరి పోతుంటే సంతకం కోసం వెతుకుతున్నానే నేను, పాపిష్టిదాన్ని. పర్మిషన్ వద్దు, పరీక్ష వద్దు, మనిషి లేస్తే చాలనుకున్నాను.

లేచాడు. లేస్తూనే నా చీర మీద వాంతి చేసుకుని, అడ్డంగా నిలబడ్డానని నన్నే తిట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ తిట్లంత చల్లని మాట నేను ఎప్పుడూ వినలేదు.

మధ్యాహ్నం డ్రిప్ చూడ్డానికి వచ్చిన నవనీతను మెల్లగా అడిగాను. "పట్టీ పెడితే మంచితనం, విరుగుడు ఇస్తే కోపం. ఇందులో మా ఆయన ఏదమ్మా?"

"నాకేమెరుక అమ్మా. నేను బీపీ చూస్త, గంతే."

ఆయన వణుకుతూనే గోడ గడియారం వైపు చూశాడు. "టైమెంత?"

"ఒకటిన్నర."

"పరీక్ష?"

"రెండింటికి. పోనులే."

"పోవా?" మంచం ఊగింది. "రెండున్నరకు గేటు మూస్తారు. ముప్పై ఏండ్లు మూసినోణ్ణి నేను. ఇట్లియ్ హాల్ టికెట్." లాక్కుని, వణికే చేతుల్తో ఫోటో, నంబరు, ముద్ర ఒక్కొక్కటే సరిచూశాడు. "అన్నీ సరిగ్గానే ఉండాయి. లెయ్."

"నిన్ను ఇట్లా వదిలేసి..."

"కమలాకర్ లేడా, నర్సమ్మ లేదా? ఓబులేసు పెండ్లాం లేటుగా వచ్చిందని ఆ గేటు కాడ నేను అనిపించుకోవల్లనా? చదివినదంతా యాడ పోస్తావు? లెయ్ మేయ్."

నవనీత డ్రిప్ సరిచేసి, ఆయన నాడి చూసి, నా చెవిలో అంది.

"డాక్టర్ సార్ ఉన్నడు, నేనున్న. కోపం ఇంకా తగ్గలే అమ్మా. తగ్గకముందే పో."